దారి చూసుకోవచ్చు, మెసేజ్ పంపకూడదు

శ్రీనివాస్ గారూ, డెలివరీ పని చేసే మీ తమ్ముడు బైకు హ్యాండిల్‌కు బిగించిన ఫోనులో దారి చూసుకుంటే చలానా పడుతుందా అని అడిగారు. దారి కోసమే అయితే, ధ్యాస చెదరనంత వరకు తప్పు కాదు. 2020 అక్టోబరు 1 నుంచి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఈ వెసులుబాటు ఉంది. అదే ఫోను చేత్తో పట్టుకుని జవాబు టైపు చేస్తే మాత్రం మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ప్రమాదకరమైన డ్రైవింగే. మొదటిసారికే 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ.

ఇంత కఠినమెందుకని వాదించేవారు ఒక్క లెక్క చూడాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో 5 సెకన్లు తల దించితే బండి 55 మీటర్లు చూపు లేకుండా పోతుంది. ఆ జాగాలో ఒక పిల్లవాడు రోడ్డు మీదికి వస్తే బ్రేకు మీద చెయ్యి పడే వ్యవధి కూడా ఉండదు.

బయలుదేరే ముందే చిరునామా పెట్టుకుని, మెసేజ్‌ల శబ్దం ఆపేయమనండి. కస్టమర్‌కు జవాబు ఇవ్వాల్సి వస్తే బండి ఎడమ పక్కకు తీసి, స్టాండు వేశాకే ఫోను ముట్టుకోవాలి. ఆలస్యమైతే డబ్బు కోస్తారన్నారు, ఆ బాధ నిజమైనదే. నడిరోడ్డు మీదున్న మనిషిని వెంటనే బదులివ్వమని తొందరపెట్టే కంపెనీనీ చట్టం బాధ్యుణ్ని చేయాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.