షుగర్ ఉన్న నాన్న చిక్కిపోతున్నారు, మంచిదేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. చాలాకాలంగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారు. ఒకప్పుడు జీడిపిక్కల బస్తా భుజానికెత్తుకుని నడిచిన మనిషి, ఇప్పుడు పీట మీంచి లేవాలంటే మోకాలి మీద చెయ్యి ఊనాల్సి వస్తోంది. తొడలు సన్నబడ్డాయి, పొట్ట మాత్రం తగ్గలేదు. గుడ్డు, చేప మానేసి రెండు పూటలా చోడి (రాగి) అంబలే తాగుతున్నారు. ‘చిక్కితే షుగర్ తగ్గినట్టే’ అంటారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, పలాస

జవాబు: కాదమ్మా. పొట్ట తగ్గకుండా తొడలు తగ్గాయంటే ఆయనకి కరిగింది కొవ్వు కాదు, కండ. విజయనగరంలో నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలోనూ ఈ మాట వింటూనే ఉంటాను, విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. తిన్నాక రక్తంలో చేరే చక్కెరలో పెద్దవాటా వెళ్లేది కండల్లోకే. అవి తగ్గితే షుగర్ అదుపు ఇంకా కష్టమవుతుంది. పైగా కండ కరిగిపోకుండా కాపాడేది కూడా ఇన్సులినే. అది చాలకపోయినా, ఉండీ పనిచెయ్యకపోయినా కండ నిలవదు.

ఇంట్లోనే ఒక పరీక్ష చెయ్యండి. చేతుల్లేని కుర్చీని గోడకి ఆనించి కూర్చోబెట్టండి. చేతులు గుండెల మీద కట్టుకుని 5 సార్లు లేచి కూర్చోమనండి, పక్కన మీరు నిలబడండి. 12 సెకన్లు, ఆపైన పడితే కాళ్లలో సత్తువ తగ్గినట్టు లెక్క.

ఇక అంబలి. నేనూ అది తాగే పెరిగాను, చోడిని తక్కువ చెయ్యను. కానీ 50 గ్రాముల చోడిపిండిలో మాంసకృత్తులు మూడున్నర గ్రాములే. ఒక్క గుడ్డులో 6 గ్రాములు, 50 గ్రాముల ఉలవల్లో 11 గ్రాములు ఉంటాయి. మూత్రపిండాలు బాగున్న పెద్దవయసువాళ్లకి కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాములు కావాలి. గుడ్డు, చేప వల్ల షుగర్ పెరుగుతుందన్న భయం అక్కర్లేదు. ఎండుచేప మాత్రం ఉప్పు వల్ల బీపీ ఉన్నవాళ్లకి వద్దు.

అయితే మీది పలాస. ఉద్దానంలో షుగర్, బీపీ లేనివాళ్లకే కిడ్నీలు పాడవుతున్నాయి, ఆయనకి షుగర్ కూడా ఉంది. అందుకే గుడ్లు, పప్పులు పెంచేముందు కిడ్నీల పనితీరు తెలిసేలా రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూపించండి. తేడా ఉంటే ఎంత తినాలో కిడ్నీ డాక్టరే చెప్పాలి. అదే రక్తంతో మూడునెలల సగటు షుగరు, థైరాయిడ్, బి12 కూడా చేయించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే కొందరికి బి12 తగ్గుతుంది.

నడక మంచిదే, కానీ కండ పెరగాలంటే బరువు పడాలి. ఇందాకటి కుర్చీనే వాడండి: 10 సార్లు లేచి కూర్చోవడం, కాస్త ఆగి మళ్లీ 10. రోజు విడిచి రోజు చాలు. చేతులకి లీటరు నీళ్ల సీసాలు సరిపోతాయి, జిమ్ముతో పనిలేదు. ముందు కళ్లు చూపించండి, రెటీనాలో రక్తం చిమ్మే దశ ఉంటే బరువులెత్తకూడదు. గ్లిమిపిరైడ్ మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే షుగర్ మరీ పడిపోవచ్చు, అందుకే జేబులో పంచదార పొట్లం ఉండాలి.

ఒకటి మాత్రం వాయిదా వెయ్యకండి. ఒక తొడలో విపరీతమైన నొప్పి మొదలై, కొద్ది వారాల్లోనే ఆ కాలు సన్నబడిపోతే అది వయసు వల్ల కాదు, షుగర్ తొడ నరాలని దెబ్బతీసిందేమో చూడాలి. నరాల డాక్టరుకి ఆ వారమే చూపించండి.