తుఫాను ప్లానుకు పేరు మార్చి పంపకురా

ఒరే చిన్నా,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన మండల విపత్తు ప్లాను చదివాను. అణు దాడి పేజీ కూడా చేర్చమంటే, నువ్వు తుఫాను పేజీకే పైన పేరు మార్చావు. ‘లోతట్టు గ్రామాల ప్రజలను బస్సుల్లో పునరావాస కేంద్రాలకు తరలించవలెను’ అట! ఉద్యోగమంతా నేను రాసిన వాక్యమే కదా, చూడగానే గుర్తుపట్టాను. అణు దాడికైతే దాన్ని తలకిందులు చేసి రాయాలి.

తుఫానులో జనాన్ని ఇళ్ళలోంచి బయటికి లాగడమే మన పని. 1996 నవంబరు తుఫాను చూశాక కోనసీమలో మైకు వినపడితే సంచీ సర్దుకోవడం అలవాటైంది. ఆ అలవాటే ఇక్కడ కొంప ముంచుతుంది. ఏ విశాఖ వైపో బాంబు పడిందనుకో. దానికి దగ్గరున్నవాళ్ళను మన కాగితం కాపాడలేదు, ఆ గొప్పలు రాయకు. మనదాకా రాగలిగేది ధూళి. నేల దగ్గర పేలితే మట్టి పైకి లేచి, రేడియేషన్ పట్టుకుని, పై గాలి ఎటుంటే అటు కొట్టుకుపోయి కొన్ని గంటలకు రాలుతుంది. దాని జోరంతా మొదట్లోనే. పేలిన గంటకు 100 ఉందనుకుంటే 7 గంటలకు 10కి, రెండు రోజులకు 1కి పడిపోతుంది. అంటే మొదటి రోజు తలుపులేసుకుని లోపలున్నవాడు చాలావరకు గట్టెక్కినట్టే, మరి ఆ గంటల్లోనే నువ్వు వాళ్ళను బస్టాండులో నిలబెడతావా?

ఎక్కడ దాక్కోవాలి అంటే, స్విట్జర్లాండ్ వాళ్ళు 1963లో చట్టం చేసి మరీ ఇళ్ళ కింద షెల్టర్లు కట్టుకున్నారు, మనకు నాలుగడుగులు తవ్వితే నీళ్ళూరతాయి. కాబట్టి మేడ ఉన్న ఇంట్లో కింది అంతస్తు, నడిమి గది. పెంకుటిల్లు, రేకుల షెడ్డు అయితే ధూళి నెత్తిమీదే కూర్చున్నట్టు. తుఫాను షెల్టరైతే కింద స్తంభాల మధ్య కాదు, పైన గదుల్లో కిటికీలకు దూరంగా. ఊరికి ఎన్ని మేడలున్నాయో, ఏ వీధివాళ్ళు ఎవరింట్లోకి వెళ్తారో ఇప్పుడే లెక్క రాయి. ఫలానా వాళ్ళను మా గుమ్మం తొక్కనివ్వం అనేవాళ్ళు మన ఊళ్ళల్లో ఇంకా ఉన్నారు, ఆ పంచాయితీ ఆ రోజు తేలదు.

అన్నిటికంటే కష్టమైంది బడి. పిల్లలు అక్కడుంటే తల్లులు ఆగరు, నువ్వు ఎన్ని మైకులు పెట్టినా ఆగరు. రాత్రి కూడా పిల్లలు స్లాబు గదుల్లోనే ఉంటారని, తిండీ నీళ్ళూ అక్కడున్నాయని హెడ్మాస్టరు ముందే మీటింగు పెట్టి చెప్పాలి. బిస్కట్లు, మూతలున్న నీళ్ళ డబ్బాలు నిజంగానే ఉండాలి మరి. బయటి నుంచి వచ్చినవాళ్ళు పైబట్టలు గుమ్మంలోనే విప్పేసి, సబ్బుతో తలంటుకుంటే చాలా ధూళి పోతుంది, ఆ ముక్క పెద్దక్షరాల్లో వెయ్యి.

మంచినీళ్ళ చెరువుకు మూత లేదు కాబట్టి బిందెల్లో పట్టుకున్నవే తాగాలి. గేదెల్ని పాకలో కట్టి, గడ్డిమేటు పై పొర లాగేసి లోపలి గడ్డి వెయ్యాలి. ధూళితో పచ్చిక మీద పడ్డ రేడియో అయోడిన్, అంటే రేడియేషన్ వదిలే అయోడిన్, పాలల్లోకి దిగుతుంది, అది సగమవడానికే 8 రోజులు, అందుకని పరీక్ష అయ్యేదాకా చంటిపిల్లలకు ఆ పాలు వద్దు. అయోడిన్ మాత్రలు థైరాయిడ్‌ను కాపాడతాయి, అంతే. అదీ అధికారులు చెప్పినప్పుడే వేసుకోవాలి. అయోడిన్ ఉప్పు గుప్పెడు మింగితే సరిపోతుందని ఎవడో ఫార్వర్డ్ చేస్తాడు, దాన్నీ ఖండించు.

2025 మే 7న విశాఖలో మాక్ డ్రిల్ చేశారు చూడు, ఆ సైరన్లూ లైట్లార్పడాలూ మామూలు వైమానిక దాడికి. ధూళికి వేరే ఉంది, 2009లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు ఓసారి తిరగెయ్యి. ఎన్డీఆర్ఎఫ్, అదే జాతీయ విపత్తు స్పందన దళం వాళ్ళకు దీంట్లో శిక్షణ ఉంది, కానీ విజయవాడ దగ్గర్నుంచి వాళ్ళొచ్చేలోగా ఊరిని లోపల కూర్చోబెట్టాల్సింది నువ్వూ ఊరి సచివాలయం వాళ్ళే.

ఆటోకి మైకు కట్టి తిప్పుదామని రాశావు. ధూళి రాలుతుంటే ఆ డ్రైవరు గతేం కాను? గుడి, చర్చి, మసీదు మైకులున్నాయిగా, అవి వాడు. వాటికి ఇన్వర్టరు ఉందో లేదో రేపే కనుక్కో. ఓ తుఫాను రాత్రి మా ఆఫీసు జనరేటర్లో డీజిల్ లేదని కరెంటు పోయాకే తెలిసింది నాకు.

మీ మావయ్య