బ్యాంకు ఇంజనీరు చూస్తాడుగా అని ఊరుకోకండి

ప్రశ్న: బరంపురంలో 2011లో కట్టిన ఇండిపెండెంట్ ఇల్లు 46 లక్షలకు బేరం కుదిరింది. చేతిలో 14 లక్షలున్నాయి, మిగతాది హోమ్ లోన్. అడ్వాన్సు ఇచ్చేలోపు ఒక సివిల్ ఇంజనీరుకు చూపిద్దామంటే, బ్యాంకు వాళ్లే చూస్తారు, ఆ డబ్బు దండగ అంటున్నాడు మా బావమరిది. ఏం చేయమంటారు?

జవాబు: చూపించండి. బ్యాంకు తరఫున మనిషి వస్తాడు, నిజమే. కానీ ఆయన తేల్చేది, మీరు కిస్తీలు ఎగ్గొడితే ఈ ఇల్లు అమ్మి బాకీ రాబట్టుకోవచ్చా అన్నది. బాత్రూమ్ గోడకు చెమ్మ ఎందుకు ఎక్కుతోందో ఆయనకు అనవసరం.

మీ లెక్క చూశాక ఇంత గట్టిగా చెబుతున్నాను. లోన్ 30 నుంచి 75 లక్షల మధ్య అయితే విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. అంటే ఎక్కువలో ఎక్కువ 36.80 లక్షలు. 9.20 లక్షలు మీరు పెట్టాలి. ఒడిశాలో స్టాంపు డ్యూటీ 5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం. 46 లక్షల మీద 3.22 లక్షలు. ఆ విలువ లెక్కలో వీటిని కలపరు కాబట్టి ఇదీ మీ జేబులోంచే. మిగిలేది 1.58 లక్షలు. మీ ఆవిడ పేరున రాయించుకుంటే స్టాంపు డ్యూటీ 4 శాతమే, ఇంకో 46 వేలు ఆదా. ఎలా చూసినా రెండు లక్షలకు అటూ ఇటూగా చేతిలో ఉంచుకుని గృహప్రవేశం. ఆ తర్వాత శ్లాబు పని పడితే పర్సనల్ లోనే దిక్కు. దాని ముందు ఇంజనీరు ఫీజు ఎంతని?

మీ ఊళ్లో అసలు భయం ఉప్పుగాలి. గోపాల్‌పూర్ సముద్రం దగ్గరే కదా. ఉప్పు కాంక్రీటులోకి దిగితే లోపలి చువ్వలు తుప్పు పడతాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది, పెచ్చులూడతాయి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను తీరం దాటింది కూడా అక్కడే. అప్పుడు ఏం దెబ్బతింది, ఏం బాగు చేయించారు అని ఇంటాయన్ని అడగండి.

నేనూ ఒకప్పుడు పాత ఇల్లు బేరం చేశాను. అన్ని గదులకూ పాత రంగే, ఒక్క వెనక గదికి మాత్రం కొత్త పెయింటు. నాకు ముచ్చటేసింది. వెంట వచ్చిన ఇంజనీరు మాత్రం కర్రతో సీలింగు తట్టుకుంటూ పోయాడు. ఒకచోట డొల్ల శబ్దం. స్క్రూడ్రైవరుతో గీకితే గోధుమరంగు పొడి రాలి నా చొక్కా మీద పడింది. రిపేరు అంచనా రాయించి ధరలో తగ్గించమన్నాను. ఇంటాయన ఒప్పుకోలేదు, నేనూ కొనలేదు.

వైరింగు, ఎర్తింగు, సెప్టిక్ ట్యాంకు కూడా చూడమనండి. బ్రోకరు తెచ్చిన ఇంజనీరు మాత్రం వద్దు. రిపోర్టు కాగితం మీద, రిపేరు ఖర్చుతో సహా ఉండాలి, బేరానికి పనికొచ్చేది అదే. పట్టా ఒరియాలో ఉంటుంది. చదవగలిగినవాళ్లను కూర్చోబెట్టుకుని, స్థలం రకం ‘ఘరబారి’ (అంటే ఇళ్ల స్థలం) అని ఉందో లేదో చూడండి.

ఇంజనీరును తీసుకెళ్లేది గట్టి వాన పడిన మర్నాడైతే మరీ మంచిది. అందాకా అడ్వాన్సు మీ దగ్గరే ఉండనివ్వండి.