ఇంటి వెనక వాగును శుభ్రం చేయించాలా?

సియాటెల్ దగ్గరి బోథెల్‌లో కొత్తగా కొన్న ఇంటి వెనక వాగులో వేలెడంత చేపపిల్లలు కనిపిస్తున్నాయి, అవి సాల్మన్ పిల్లలేనా, కొమ్మలవీ తీయించి వాగు శుభ్రం చేయించాలా అని అడిగారు. చేయించకండి. ఆ తెలివితక్కువ పని నేను చేసి ఉన్నాను.

మాదీ అటువైపే, నార్త్ క్రీక్‌లో కలిసే ఒక పిల్లవాగు పక్కన ఇల్లు. ఇల్లు తీసుకున్న కొత్తలో, అడ్డంగా పడిన చెట్టుకొమ్మలు నా కంటికి చెత్తలా కనిపించాయి. మన ఊళ్లో కాలవ పూడిక తీసినట్టు, ఒక శనివారం మా బావమరిదీ నేనూ అన్నీ లాగి ఒడ్డున పడేశాం. నీళ్లు గలగలా పారుతుంటే ఎంత మురిసిపోయామో! ఆ శీతాకాలం వానలకి ఒడ్డు కోసుకుపోయింది. వేసవికి ఒక్క చేపపిల్లా కనబడలేదు. మొక్కలు నాటే వాలంటీర్ ఒకావిడ చూసి, "వాటి ఇల్లు పీకేశారు కదండీ" అంది. వాగులో అలాంటి పనికి రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ పర్మిట్ కావాలని కూడా అప్పుడే తెలిసింది. ఇంకేముంది, టెన్షన్!

కోహో సాల్మన్ పిల్లలు సముద్రానికి వెళ్లేముందు ఏడాదికి పైగా ఇలాంటి వాగుల్లోనే పెరుగుతాయి. వరదకి కొట్టుకుపోకుండా ఆ కొమ్మల చాటు మడుగుల్లో దాక్కుంటాయి. చెట్ల నీడ పోతే నీళ్లు వేడెక్కుతాయి, ఆకుల మీంచి రాలి వాటికి తిండయ్యే పురుగులూ ఉండవు. చేపపిల్ల ఒంటి పక్కన నిలువు చారలుంటే సాల్మన్ కావచ్చు, కానీ ట్రౌట్ పిల్లలకీ చారలుంటాయి. తేల్చుకోవడానికి పట్టకండి.

అసలు చూసుకోవాల్సింది రోడ్డు మీది నీళ్లని. సియాటెల్‌లో లాంగ్‌ఫెలో క్రీక్ లాంటి వాగులకి సముద్రం నుంచి తిరిగొచ్చిన కోహోలు గుడ్లు పెట్టకముందే చచ్చిపోయేవి. ఏళ్ల తరబడి కారణం అంతుపట్టలేదు. టైర్లు పగలకుండా రబ్బరులో కలిపే 6పీపీడీ అనే రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి తయారయ్యే విషమే కారణమని 2020లో తేలింది. మన వీధిలో వాననీళ్లు పోయే స్టార్మ్ డ్రెయిన్‌లో పడిన టైరు పొడి చాలాచోట్ల అలాగే వాగులోకి పోతుంది. అదే నీళ్లని ఇసుక, కంపోస్టు కలిపిన మట్టిలోంచి ఇంకనిస్తే, పరీక్షల్లో కోహోలు బతికాయి. అందుకే మా డ్రైవ్‌వే పక్కన వాననీళ్లు అలాంటి మట్టిలో ఇంకేలా రెయిన్ గార్డెన్ వేశాం. కారు కడిగేది కూడా కార్‌వాష్‌లోనే, సబ్బునీళ్లు డ్రెయిన్‌లోకి పోకుండా.

ఒడ్డున బ్లాక్‌బెర్రీ ముళ్లకంప ఉంటే మాత్రం కొంచెం కొంచెంగా చేత్తో పీకి, ఆ చోట విల్లో కొమ్మలు గుచ్చండి. మా బావమరిది వచ్చినప్పుడల్లా ఇప్పుడు దాని మీదకే పంపిస్తున్నా.