కర్నూలు ముస్లిం అమ్మాయి కథానాయికగా పిల్లల నవల: రాసేముందు ఏమేం తేల్చుకోవాలి?

మీ ప్రశ్న ఇది: 10–13 ఏళ్ల పిల్లల కోసం తెలుగులో నవల మొదలుపెట్టారు. కథానాయిక కర్నూలులో ఏడో తరగతి చదివే ముస్లిం అమ్మాయి. మీరు ముస్లిం కాదు. నమూనాకని అమెరికాలో వచ్చిన ఇంగ్లిష్ నవలలు కొన్ని చదివారు. తప్పులు దొర్లకుండా ఏం చూసుకోవాలి?

ఇలాంటి రాతప్రతులు చదివి సరిచేయడం నా పని, పైగా నాది రాయలసీమ ముస్లిం ఇల్లు. కాబట్టి సూటిగానే చెబుతాను. మతం గురించి రాసిన పేజీల్లో తప్పులు తక్కువే ఉంటాయి, ఎందుకంటే అక్కడ రచయిత భయపడి నాలుగుసార్లు అడిగి రాస్తారు. తప్పులన్నీ ఇంటి గురించి రాసిన పేజీల్లో ఉంటాయి.

అందుకే మొదట తేల్చాల్సింది అది ఏ ఇల్లు అన్నది. ‘ముస్లిం కుటుంబం’ అని రాసుకుంటే ఏమీ రాసుకోనట్టే. కర్నూలు పాతబస్తీలో తరాలుగా ఉర్దూ మాట్లాడే షేక్, సయ్యద్ ఇల్లు ఒకటి. ఊరి నుంచి పట్నానికి వచ్చిన దూదేకుల ఇల్లు ఇంకొకటి. దూదేకులవాళ్లలో, అంటే నూర్‌బాషీయుల్లో, చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. పిల్ల అమ్మ, నాయన, అవ్వ అనే పిలుస్తుంది. పేర్లు దస్తగిరి, మస్తానమ్మ, హుస్సేనమ్మ, మౌలాలి అని ఉంటాయి. రిజర్వేషన్ కూడా వీళ్లకు బీసీ-బీలో వస్తుంది, షేక్‌లకు బీసీ-ఈలో. స్కాలర్‌షిప్ ఫారం నింపే సన్నివేశం పెడితే ఇది పనికొస్తుంది. ఇంకా ముఖ్యం, ‘మీకు ఉర్దూ రాదా, మీరేం ముస్లింలు’ అని దూదేకుల పిల్లను తోటి ముస్లిం పిల్లలే అంటారు. నన్నడిగితే నవలకు ఇంతకంటే మంచి ఇరకాటం దొరకదు. దీన్ని పట్టుకున్న రాతప్రతులు మాత్రం నాకు చాలా అరుదుగా తగిలాయి.

ఉర్దూ ఇల్లు ఎంచుకుంటే చుట్టరికాల పట్టిక గోడకు అంటించుకోండి. అమ్మ అన్నదమ్ములు మామూ, వాళ్ల భార్య ముమానీ. నాన్న అక్కచెల్లెళ్లు ఫుప్పు, వాళ్ల భర్త ఫుప్పా. అమ్మ అక్కచెల్లెళ్లు ఖాలా, వాళ్ల భర్త ఖాలూ. నాన్న తమ్ముడు చిచ్చా. అమ్మమ్మ నానీ, నానమ్మ దాదీ. తెలుగులో మేనమామ భార్యా అత్తే, నాన్న చెల్లెలూ అత్తే. ఆ అలవాటుతో రాస్తే మూడో అధ్యాయంలో ఫుప్పుగా ఉన్నావిడ ఏడో అధ్యాయానికి ముమానీ అయిపోతుంది. ‘అమ్మీజాన్, అబ్బాహుజూర్’ సినిమా నవాబుల మాటలు, కర్నూలులో పనికిరావు.

సంభాషణలకు నా లెక్క ఇది. కథనమంతా మంచి తెలుగులో నడవాలి. ఇంట్లో మాటల్లో పేజీకి మూడు నాలుగు దక్కనీ మాటలు, అంటే మనవైపు ఉర్దూ మాటలు, చాలు: ‘వద్దు’కు నక్కో, ‘అవును’కు హౌ, ‘ఎందుకు’కు కైకు, ‘వస్తా’కు ఆతూం, ‘వెళ్తా’కు జాతూం. హిందీ సీరియళ్ల ‘నహీఁ, క్యోఁ’ పెట్టకండి. బ్రాకెట్లలో అర్థాలు వద్దు, వెనక పట్టికా వద్దు. అమ్మ పళ్లెంలోకి ఇంకో గరిటె వేయబోతుంటే పిల్ల చెయ్యి అడ్డంపెట్టి ‘నక్కో’ అంటే ఏ పిల్లకైనా తెలిసిపోతుంది. ఈ కుటుంబం బజారులో, బడిలో మాట్లాడే తెలుగు మాత్రం మీ తెలుగులాగే ఉండాలి. సినిమాల్లో సాయిబు పాత్రల చేత పలికించే ‘నీకీ చెప్తా, మాకీ తెలుసు’ బాణీ ఒక్క వాక్యం కనిపించినా ముస్లిం పాఠకురాలు పుస్తకం మూసేస్తుంది. ఊళ్లలో కొందరి నోట ‘తురకోళ్లు’ అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. దాన్ని దాచక్కర్లేదు. కాకపోతే ఆ మాట ఎవరన్నారు, అమ్మాయి విన్నదా లేదా, విని ఏం చేసింది అన్నది తేలకుండా ఊరి రంగు కోసమని వాడొద్దు.

రెండోది కేలండర్. ఇక్కడ తప్పు చేస్తే కథ మొత్తం కదిలిపోతుంది. చంద్రుణ్ణి బట్టి నడిచే హిజ్రీ ఏడాదికి, అంటే ఇస్లాం కేలండర్ ఏడాదికి, 354 లేదా 355 రోజులు. అందువల్ల రంజాన్ ఏటా 10–11 రోజులు ముందే వస్తుంది, తిరిగి అదే కాలానికి రావడానికి దాదాపు 33 ఏళ్లు పడుతుంది. 1999లో ఉపవాసాలు డిసెంబరు చలిలో. 2016లో జూన్‌లో, సరిగ్గా బడులు తెరిచేటప్పుడు. 2025లో మార్చిలో, పదో తరగతి పరీక్షలతో కలిసి. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర్లో ఇంకోసారి, రెండుసార్లు వస్తుంది. మన ప్రాంతంలో డిసెంబరు ఉపవాసం దాదాపు 12న్నర గంటలు, జూన్ ఉపవాసం 14 గంటలు దాటుతుంది. కథ ఏ సంవత్సరంలో జరుగుతోందో ముందే నిర్ణయించుకుని, ఆ ఏటి తేదీలు రాసుకోండి. కేలండరే ఒక్కోసారి కథ ఇస్తుంది కూడా. 2009లో రంజాన్ పండగ సెప్టెంబరు 21న. అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పాతబస్తీని ముంచేశాయి. పండగకు కుట్టించిన బట్టలు పెట్టె అడుగున ఉండగానే నీళ్లొచ్చిన ఇల్లు. ఇలాంటిది ఊహించి కల్పించనక్కర్లేదు.

రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుందని కూడా గుర్తుపెట్టుకోవాలి. నెలవంక కనిపించిన రాత్రే, రంజాన్ రాత్రుల్లో చేసే తరావీహ్ నమాజు మొదలు, మొదటి ఉపవాసం ఆ మర్నాడు. చాలామంది దీన్ని తిరగేస్తారు. రంజాన్ పండగ రేపా ఎల్లుండా అన్నది ముందురోజు సాయంత్రం దాకా తెలియదు. బక్రీదు అలా కాదు, పది రోజుల ముందే తేలిపోతుంది. ‘రేపే పండగట!’ అన్న హడావుడి, అర్ధరాత్రి దాకా బజారు, దర్జీ దుకాణం ముందు జనం, ఇవి రంజాన్‌కు సరిపోతాయి. బక్రీదుకు ఇదే సన్నివేశం పెడితే అబద్ధంలా ఉంటుంది. పండగ నమాజుకు అజాన్ ఉండదు. ‘ఈద్గా నుంచి అజాన్ వినిపించింది’ అనే వాక్యం మీ రాతప్రతిలో ఉంటే ఇప్పుడే కొట్టేయండి.

ఉపవాసం గురించి పిల్లల కథల్లో ఎక్కువగా వచ్చే సన్నివేశం, పిల్ల మర్చిపోయి జామకాయ కొరకడం, ‘అయ్యో ఉపవాసం పోయింది’ అని ఏడవడం. మర్చిపోయి తింటే ఉపవాసం పోదు. గుర్తురాగానే ఉమ్మేసి, నోరు కడుక్కుని కొనసాగించాలి. ఇంట్లో పెద్దవాళ్లకు ఇది తెలుసు కాబట్టి వాళ్లు ఓదార్చరు, నవ్వుతారు. మనవైపు ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో, ఉపవాసం ఉన్నట్టు గుర్తుండగా పుక్కిలిస్తూ పొరపాటున నీళ్లు మింగితే మాత్రం పోతుంది, దానికి బదులు తర్వాత ఇంకో రోజు ఉండాలి. మీకు ఏడుపు సన్నివేశమే కావాలంటే ఇది వాడుకోండి. యుక్తవయసు రాని పిల్లలకు ఉపవాసం తప్పనిసరి కాదు. ఏడేళ్లదో తొమ్మిదేళ్లదో పట్టుబట్టి ఉంటుంది, ఇంట్లోవాళ్లు మధ్యాహ్నం ఒంటిగంటకు ‘చాల్లే, తినేయ్’ అని బతిమాలతారు. మొదటి ఉపవాసానికి కొత్త బట్టలు, పూలదండ, బంధువులు అన్నీ ఉండే ఇళ్లున్నాయి. నెలసరి రోజుల్లో ఉపవాసమూ నమాజూ ఉండవు, ఉపవాసాలు తర్వాత తీర్చుకోవాలి, నమాజులు అక్కర్లేదు. మీ కథానాయికకు పన్నెండేళ్లు. అన్నదమ్ములున్న ఇంట్లో ఆ వయసు పిల్ల తాను ఉపవాసం లేనని వాళ్లకు తెలియకుండా, తెల్లవారుజామున ఉపవాసానికి ముందు తినే సహరీకి లేచి అందరితో కూర్చోవడం, పగలు వంటింట్లో దాక్కుని అన్నం తినడం తెలుగు పిల్లల పుస్తకాల్లోకి రావాల్సిన సంగతే. మీరు ఆడవారైతే ఇంకా బాగా రాయగలరు.

ఇక మీరు చదివిన అమెరికా నవలల సంగతి. అక్కడ పెద్ద ప్రచురణ సంస్థలు ఈ కథలకు తలుపులు తెరిచాయి. సైమన్ అండ్ షుస్టర్ 2016లో ముస్లిం పిల్లల కథల కోసమే సలామ్ రీడ్స్ అనే విభాగం పెట్టింది. వాటి నుంచి గొంతు నేర్చుకోండి: పిల్లే కథ చెప్పడం, హాస్యం, ఇంట్లో పెద్దలు ఒకరితో ఒకరు విభేదించడం. పరిసరాలు మాత్రం తెచ్చుకోవద్దు. అక్కడ మసీదు అంటే వారాంతపు బడి, భోజనాల హాలు, కుటుంబమంతా వెళ్లే చోటు. కర్నూలు లాంటి ఊళ్లో ఆడవాళ్లు ఎక్కువగా ఇంట్లోనే నమాజు చేసుకుంటారు. మీ అమ్మాయి శుక్రవారం మసీదులో అమ్మ పక్కన నిలబడితే ఊరు మారిపోయినట్టే. ఆమె అరబిక్ చదువు వీధిలోనే, ఎవరో ఆపా, అంటే అక్క, ఇంట్లో, చాప మీద. ముందు అక్షరాలు నేర్పే ఖాయిదా, తర్వాత ఖురాన్ చివరి పారా (భాగం) నుంచి చిన్న సూరాలు (అధ్యాయాలు), ఆ తర్వాత ఖురాన్ 30 పారాలు. అక్షరాలు కూడబలుక్కుని గడగడా చదువుతుంది కానీ అర్థం తెలియదు. ఈ సంగతి దాచి, పదేళ్ల పిల్ల చేత అరబిక్‌కు అర్థం చెప్పిస్తారు కొందరు. ఇంకోటి, అమెరికా కథలో ‘నేను ఇక్కడిదాన్ని కాదేమో’ అన్న బాధ మధ్యలో ఉంటుంది. కర్నూలు పిల్లకు ఆ అనుమానమే లేదు. తాతముత్తాతల సమాధులు ఊళ్లోనే ఉన్నాయి. ఆమెను కాదనేవాళ్లు ఉండొచ్చు, కానీ అది వేరే బాధ, దాన్ని వేరేగా రాయాలి.

ఇంట్లో వాదన కావాలంటే దర్గా దగ్గర వెతకండి. దాదీకి దర్గా మీద, గంధం మీద, పీర్ల మీద నమ్మకం. తబ్లీగుకు, అంటే మతబోధ యాత్రకు, వెళ్లొచ్చిన చిచ్చాకు అదంతా తప్పు. ఒకాయన తరావీహ్ 20 రకాత్‌లు (నమాజు ఆవృత్తాలు) అంటాడు, ఇంకొకాయన 8 చాలంటాడు. దాదీ నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండగకు మనవరాలిని తీసుకెళ్తానంటే చిచ్చా అడ్డుపడతాడు. పిల్లకు మాత్రం స్వర్ణాల చెరువులో నిలబడి, చదువు కోరుకునేవాళ్లు అందుకునే ‘చదువు రొట్టె’ పట్టుకోవాలని ఉంటుంది. అందులో ఎవరూ దుర్మార్గులు కారు. ఇలాంటి కథ చదివిన పిల్లకు ముస్లింలంతా ఒకేలా ఆలోచించరని ఎవరూ ఉపన్యాసం చెప్పనక్కర్లేదు.

తిండి క్లుప్తంగా. రోజూ బిర్యానీ ఉండదు. పప్పు, చింతపండు పులుసు, చారు, ఎప్పుడైనా ఖీమా. చుట్టాలొస్తే బగారా అన్నం, దాల్చా. ఇఫ్తార్‌లో ఖర్జూరం, పండ్లు, శనగ గుగ్గిళ్లు, పకోడీ.

బొమ్మల విషయంలో కాస్త ఆగుతాను, ఎందుకంటే అక్షరం తప్పయితే చివరి నిమిషంలో దిద్దొచ్చు, బొమ్మ తప్పయితే మళ్లీ వేయించాలి. చిత్రకారులకు ఇచ్చే కాగితంలో ఇవి రాయండి. నమాజు దిక్కు మన దగ్గర పడమర, కాస్త ఉత్తరానికి. కాబట్టి సాయంత్రం వెలుగు ముఖం మీద, పొద్దుటి వెలుగు వీపు మీద పడాలి. నమాజుకు ముందు కడుక్కునే వజూలో వరుస ఉంది: చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతుల దాకా చేతులు, తల తడి చేయడం, చివర్లో కాళ్లు. ఖురాన్ నేల మీద ఉండదు, రేహల్ అనే మడత పీట మీద ఉంటుంది, చదవనప్పుడు గుడ్డలో చుట్టి ఎత్తున పెడతారు. ఇంట్లో అక్కచెల్లెళ్ల మధ్య తలకు ముసుగుతో కూర్చోరు, అజాన్ వినిపిస్తే మాత్రం ఆడవాళ్లు చప్పున చున్నీ తల మీదికి లాక్కుంటారు. ఆ ఒక్క కదలిక బొమ్మలో పడితే ఇల్లు నిజమైపోతుంది. ప్రవక్తల బొమ్మలు ఏ రూపంలోనూ వద్దు. గోడ మీద ఉర్దూ, అరబిక్ రాత ఉంటే నేరుగా పేజీలో టైపు చేయించకండి. తెలుగు డీటీపీ చేసే పాత పేజ్‌మేకర్‌లో కుడి నుంచి ఎడమకు రాసే లిపి నడవదు, అక్షరాలు విడిపోయి, వరుస తిరగబడి వస్తాయి. ఉర్దూ టైపు సాఫ్ట్‌వేర్ ఇన్‌పేజ్‌లో కొట్టించో, చేత్తో రాయించో బొమ్మగా పెట్టించండి. పేజీలో ఇమడడం కోసం లేఅవుట్ చేసేవాళ్లు బొమ్మను అద్దంలోలా తిప్పేస్తారు. అప్పుడు రాతా తిరగబడుతుంది, నమాజు దిక్కూ మారిపోతుంది. చివరి ప్రూఫ్‌లో ఈ రెండూ వేలు పెట్టి చూడండి.

కథ విషయంలో నాది ఒకటే పరీక్ష. పండగ అధ్యాయం తీసేసి చదవండి. కథ నిలబడితే మంచిది. కూలిపోతే మీరు రాసింది మతసామరస్య పాఠం. హిందూ స్నేహితురాలికి రక్తం ఇచ్చే ముస్లిం తండ్రి, బాంబుల వార్త విని తలదించుకునే అబ్బాయి, చివర్లో అందరూ కలిసి సేమియా తినడం. వీటిలో ముస్లిం పిల్ల మంచిదని నిరూపించుకోవాల్సి వస్తుంది, మిగతా పిల్లలకు ఆ పని ఉండదు. మీ అమ్మాయికి సైకిల్ కావాలి, లేదా ఖో-ఖో జట్టులో చోటు కావాలి, లేదా లెక్కల మాస్టారిని ఒక్కసారైనా ఓడించాలి. రంజాన్ ఆ కోరికకు అడ్డు రావచ్చు, సాయపడొచ్చు. పండగకు పెద్దలిచ్చే ఈదీగా వచ్చిన డబ్బులు లెక్కపెట్టుకుని సైకిల్‌కి ఇంకెంత తక్కువో చూసుకోవచ్చు.

చదివి చూసేవాళ్లు ఇద్దరు కావాలి. ఒకరు ఆ వయసు పిల్ల, ఇంకొకరు అదే రకం ఇంటి ఆడమనిషి. హైదరాబాద్ సయ్యద్ ఇంటివాళ్లు కర్నూలు దూదేకుల ఇంటి గురించి సరే అన్నా అది లెక్కలోకి రాదు. ‘ఎలా ఉంది?’ అని అడిగితే మొహమాటానికి బాగుందంటారు. ‘ఈ అమ్మాయి వాళ్ల ఫుప్పును ఇలా ఎదిరిస్తుందా? ఈ పేరు మీ వీధిలో ఉంటుందా? ఎక్కడ నవ్వొచ్చింది, ఎక్కడ చిరాకేసింది?’ అని అడగండి. పెద్దావిడకు డబ్బులివ్వండి, అది పనే. బొమ్మలు మొదలుపెట్టకముందే, మొదటి చిత్తుప్రతి పూర్తయ్యాక, ఇది జరగాలి. అచ్చుకు వెళ్లే వారంలో చూపిస్తే వాళ్లు పట్టుకున్న తప్పుల్లో సగం మీరు వదిలేయాల్సి వస్తుంది.