మంచూ కరుగుతుంది, ఉప్పూ కరుగుతుంది

సందేహం: రసాయన బంధాల పాఠానికి జవాబు రాస్తూ మా అమ్మాయి 'ఉప్పు నీటిలో కరుగుతుంది' అనీ, 'ఉప్పు 801 డిగ్రీల సెల్సియస్ వేడికి కరుగుతుంది' అనీ రాస్తే, రెండు చోట్లా ఒకే క్రియ వాడటం తప్పన్నారట. 'కరుగు' రెంటికీ చెల్లదా?

సమాధానం: చెల్లుతుంది. గట్టిగా ఉన్న వస్తువు తానే ద్రవమైనా, వేరొక ద్రవంలో కలిసి కనబడకుండా పోయినా తెలుగువాళ్లం 'కరిగింది' అనే అంటాం. నెయ్యి వేడికి కరుగుతుంది, బెల్లం నీళ్లలో కరుగుతుంది. వ్యాకరణం 'కి', 'లో' రెంటినీ షష్ఠీ విభక్తి కిందే చేర్చినా, ఇక్కడ భేదాన్ని చూపించేవి అవే. వాటిని వదిలేసి 'ఉప్పు కరిగింది' అని ఊరుకుంటే మాత్రం శాస్త్రానికి చిక్కు వస్తుంది. పుస్తకాల్లోని ద్రవీభవనం (వేడికి ద్రవం కావడం), ద్రావణం (ద్రవంలో వస్తువు కరిగి ఏర్పడేది) అనే మాటలకు కూడా 'ద్రు' అనే ఒకే ధాతువు మూలం కాబట్టి, ఒక్క క్రియతో సరిపెట్టుకోవడం తెలుగుకు లోపమేమీ కాదు.

అసలు జాగ్రత్త పడవలసింది, కరిగినప్పుడు ఏది విడిపోయిందో చెప్పేచోట. ఉప్పులో సోడియం, క్లోరైడ్ అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) అయానిక బంధంతో, అంటే వ్యతిరేక ఆవేశాల ఆకర్షణతో, అన్ని వైపులా ఒకదాన్నొకటి బిగించి పట్టుకొని ఉంటాయి గనుకనే దానికి అంత వేడి కావాలి; నీళ్లలోనైతే నీటి అణువులే ఆ అయాన్లను చుట్టుముట్టి విడదీస్తాయి. ఎలా కరిగినా అయాన్లకు కదిలే వీలు కలుగుతుంది, విద్యుత్తు ప్రవహిస్తుంది. చక్కెర సంగతి వేరు. దాని అణువులో పరమాణువులను కలిపి ఉంచేది సమయోజనీయ బంధం, అంటే ఎలక్ట్రాన్లను పంచుకోవడం వల్ల ఏర్పడే బంధం. గ్లాసులో చెంచాతో తిప్పినప్పుడు అణువులు ఒకదాని నుంచి ఒకటి విడిపోతాయే గాని ఆ బంధాలు తెగవు, అయాన్లు పుట్టవు; అందుకే చక్కెర కరగడం వల్ల నీటికి విద్యుద్వాహకత రాదు. 'చక్కెర కరిగితే సమయోజనీయ బంధాలు తెగుతాయి' అని రాసి ఉంటే అప్పుడు తప్పు పట్టవలసిందే. మంచు కరిగినప్పుడు తెగేవి కూడా అణువుల మధ్యనున్న హైడ్రోజన్ బంధాలనే ఆకర్షణల్లో కొన్ని మాత్రమే.

మూత పెట్టని డబ్బాలో కర్పూరం తరిగిపోతే మాత్రం 'హరించుకుపోయింది' అంటాం. దాని అణువుల మధ్య ఆకర్షణ బలహీనం కాబట్టి అవి ద్రవం కాకుండానే గాలిలో కలుస్తాయి. పాఠ్యపుస్తకం దీన్నే ఉత్పతనం అంటుంది. ఇంత కచ్చితమైన ఇంటి మాటను పిల్లలు ఉత్పతనం పక్కన రాస్తే మార్కులు తగ్గించకూడదని నా అభిప్రాయం.