మెమొరీ ఫోమ్ పరుపు కొనబోతున్న గుణుపురం తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన మూడు లింకులూ చూశాను. మూడింటిలోనూ "నాసా టెక్నాలజీ", "కూలింగ్ జెల్", "70 శాతం తగ్గింపు" ఉన్నాయి. ఏది కొనమంటావని అడిగావు. ఏ డబ్బుతో కొంటున్నావో ముందు చెప్పు. షాపువాడు సున్నా వడ్డీ కార్డు ఇస్తానన్నాడని చివర్లో ఒక్క ముక్క రాశావు చూడు, నాకు టెన్షన్ అక్కడే మొదలైంది.

మాది పర్లాకిమిడి. గుణుపురం, రాయగడ, బరంపురం నుంచి ఇక్కడికి, అమెరికాకి, వచ్చే పిల్లల్ని చాలామందిని చూశాను. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, కాలేజీలో ఇంగ్లిషు నెట్టుకొచ్చినవాళ్లం, ఇక్కడ మాత్రం తట్టుకోలేమా అన్న ధీమాతో దిగుతారు. నేనూ అలాగే దిగాను. చదువూ ఉద్యోగమూ బాగానే సాగాయి. దెబ్బ తిన్నది పరుపు దగ్గర.

మిషిగన్‌లో నా మొదటి చలికాలం. సెలవుల సేల్ నడుస్తోంది. షాపులో ఆయన మెమొరీ ఫోమ్ ముక్క మీద నా అరచెయ్యి అదిమి పెట్టించాడు. చెయ్యి తీశాక ఆ గుర్తు మెల్లగా పూడుకుంటుంటే చూస్తూ నిలబడిపోయాను. వెనక గోడ మీద వ్యోమగామి బొమ్మ. ధర వెయ్యి డాలర్ల పైనే, పన్నెండు నెలలు వడ్డీ లేదు అన్నాడు. సంతకం పెట్టేశాను. ఇంటికి తెచ్చాక అది చెక్కబల్లలా బిగుసుకుపోయింది. మెమొరీ ఫోమ్ వేడికి మెత్తబడుతుంది, చలికి గట్టిపడుతుంది. కరెంటు బిల్లుకు భయపడి నేను హీటర్ తగ్గించి పడుకునేవాణ్ని. షాపులో మాత్రం వెచ్చగా ఉంది మరి.

అది సర్దుకున్నాను. సర్దుకోలేనిది కార్డు. అలాంటి కార్డుల్లో చాలావాటికి ఒక మెలిక ఉంటుంది. గడువు లోపల మొత్తం తీర్చకపోతే, కొన్న రోజు నుంచీ లెక్కకట్టి వడ్డీ అంతా ఒకేసారి వేస్తారు. నేను చాలావరకు కట్టేశాను, కొద్దిగా మిగిలింది. వడ్డీ మాత్రం మొత్తానికీ పడింది. ఆ నెల ఇంటికి డబ్బు పంపలేదు. నాన్నకి ఫోన్‌లో బ్యాంకులో ఆలస్యం అని చెప్పాను. తర్వాత ఇల్లు కొన్నాను, చెల్లి పెళ్లికి పంపాను, అప్పులన్నీ తీర్చాను. ఆ ఫోన్ మాత్రం మర్చిపోలేదు. నీ నెత్తిన చదువు లోను ఉంది. దాని మీద ఇంకోటి పెట్టకు.

ఇక పరుపు సంగతి. నాసా మాట పూర్తిగా అబద్ధం కాదు. 1966లో నాసా ఏమ్స్ కేంద్రం పని మీద చార్ల్స్ యోస్ట్ అనే ఇంజినీరు ఈ రకం ఫోమ్ తయారు చేశాడు. అది విమానం సీట్ల కోసం. ఈ రోజు నువ్వు కొనే పరుపు నాణ్యతకీ దానికీ ఏ సంబంధమూ లేదు. జెల్ పడుకోగానే చల్లగా అనిపిస్తుంది, కాసేపటికి నీ ఒంటి వేడే దానికీ పడుతుంది. ఫోమ్‌ని పరీక్షించి ఇచ్చే సర్టిపూర్ అనే ముద్ర ఉంటే మంచిదే, కానీ అది ఫోమ్‌లోని రసాయనాల గురించి చెబుతుంది. ఎన్నేళ్లు మన్నుతుందో చెప్పదు.

మన్నిక తేల్చేది డెన్సిటీ, అంటే ఇంత ఫోమ్ ఇంత బరువు తూగుతుందనే లెక్క. ఇక్కడ ఘనపుటడుగుకి పౌండ్లలో చెబుతారు. మెమొరీ పొర 3 పౌండ్లయితే నాసిరకం, 4 పర్వాలేదు, 5 గట్టిది. మన దగ్గర ఘనపు మీటరుకి కిలోల్లో రాస్తారు కాబట్టి 16తో హెచ్చవేసుకో. ఇంకో సంగతి, పది అంగుళాల మెమొరీ ఫోమ్ పరుపు అన్నంత మాత్రాన పది అంగుళాలూ అదే ఉండదు. పైన రెండు మూడు అంగుళాలు ఉంటుంది, కిందంతా మామూలు ఫోమే.

డెన్సిటీ చెప్పకపోతే బరువు చూడు. నీ రెండో లింకులో క్వీన్ సైజు, పది అంగుళాలు, 45 పౌండ్లు అని ఉంది. 60 అంగుళాల వెడల్పు, 80 పొడవు, 10 మందం అంటే సుమారు 28 ఘనపుటడుగులు. సగటున 1.6 పౌండ్లు. పైన 4 పౌండ్ల ఫోమ్ మూడు అంగుళాలు వేశామని వాళ్లే రాశారు. నిజమైతే ఆ పొర ఒక్కటే 33 పౌండ్లు తూగాలి. కింద ఏడు అంగుళాలకీ, గలీబుకీ కలిపి మిగిలింది 12 పౌండ్లా? కుదరదు. దాన్ని వదిలెయ్.

మన ఊళ్లో బూరుగు దూది పరుపు అణిగిపోతే విప్పి, దూది ఏకించి మళ్లీ కుట్టించుకునేవాళ్లం. ఫోమ్‌కి ఆ అవకాశం లేదు. వారంటీ పత్రంలో పదేళ్లని ఉన్నా, గుంట ఇంత లోతు పడితేనే మారుస్తామని ఒక కొలత పెడతారు. చాలా కంపెనీలవి అంగుళం అటూ ఇటూ ఉంటాయి. మరక కనిపిస్తే అసలు ఒప్పుకోరు, అందుకని మొదటి రోజే మరకలు పడకుండా పైన ప్రొటెక్టర్ తొడుగు వెయ్యి. చవక పరుపుల్లో కొన్నిటికి మంట అంటుకోకుండా లోపల గాజుపీచు తొడుగు ఉంటుంది, జిప్ ఉంది కదా అని గలీబు విప్పి ఉతకకు. ఆ నూగు గదంతా పడితే తీసేది నీ వల్ల కాదు. వాపసు రూల్స్ వాళ్ల సైటులోనే ఉంటాయి, తీసుకెళ్లడానికి డబ్బులు అడుగుతారేమో మాత్రం కొనకముందే చూసుకో.

మూడో లింకు కొంచెం నయంగా ఉంది, కానీ అందులో బరువు రాయలేదు. వాళ్లకి మెసేజ్ పెట్టి పరుపు బరువు, పై పొర మందం, డెన్సిటీ అడిగి నాకు రాయి. నేను లెక్క వేసి చెబుతాను. ఈలోగా మా గెస్ట్ రూములో ఉన్న మడత పరుపు వాడుకో, శనివారం కారులో వేసి తెస్తాను. ఆ కార్డు ఫారం మాత్రం నింపకు.